నలభై నాలుగేళ్లకు గడప దాటిన ఇడా ఫైఫర్

మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవిత చరిత్రలు రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి మన సీనియర్లు ఎంతో చక్కగా రాశారు, ఇకముందు కూడా రాస్తారు. అంబేద్కర్ గారు 1913లో న్యూయార్క్ చేరేనాటికి ఆయన వయసు 22 సంవత్సరాలు. పై దేశాలకు వెళ్తే ఆ వయసులోనే వెళ్లాలి, అప్పుడు కుదరకపోతే ఇక లేనట్టే అని మనందరి మనసుల్లో ఒక లెక్క ఉంది. పీజీ చివరి సంవత్సరంలో మేమూ ఆ లెక్కే వేసుకున్నాం. ఉద్యోగం, తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి, అమ్మానాన్నలకు వాన కారని ఇల్లు. ఇవన్నీ అయ్యేసరికి నలభై దాటుతుంది. ఆ తరువాత ప్రపంచం చూస్తామని ఎవరైనా అంటే మేమే నవ్వేవాళ్లం.

అందుకే ఈసారి నలభై దాటాకే అసలు కథ మొదలైన ఒక ఆడమనిషి గురించి రాస్తున్నాం. ఆమె పేరు ఇడా ఫైఫర్. ఇప్పటికి నూట అరవై ఏళ్ల కిందటే చనిపోయింది. తన కాలంలో యూరప్ అంతా ఆమె పేరు తెలుసు. ఆమె పుస్తకాలు ఎన్నో భాషల్లోకి వెళ్లాయి. మన వైపు మాత్రం ఆమె గురించి రాసినవాళ్లు తక్కువ. చిత్రమేమిటంటే ఆమె ఎక్కిన ఓడ ఒకటి మన కోస్తా తీరం వెంబడే వెళ్లింది. ఆమె ఎక్కిన ఎడ్లబండి ఒకటి నిజాం రాజ్యంలో నడిచింది.

ఇడా 1797 అక్టోబర్ 14న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టింది. తండ్రి అలోయిస్ రేయర్ కలిగిన వ్యాపారి. ఇంటినిండా మగపిల్లలు. తండ్రి ఆమెను కూడా వాళ్లతో సమానంగా పెంచాడు. అన్నదమ్ముల్లాంటి బట్టలే వేసుకునేది, వాళ్ల ఆటలే ఆడేది. డబ్బున్న ఇల్లే అయినా పిల్లలకు రుచులు అలవాటు చేయకూడదని, ఆకలికీ అలుపుకీ ఓర్చుకోవడం నేర్పాలని ఆయన పట్టుదల. తిండి మితంగా ఉండేది. ఏదైనా కావాలని మారాం చేస్తే అది రాదు. ఇది చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. మన మెస్‌లో ఎవరూ పట్టుబట్టకుండానే మనకు ఆ శిక్షణ అంతా అందింది.

1806లో తండ్రి చనిపోయాడు. అప్పటికి ఆమెకు ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదో, అప్పుడే నిండాయో. తల్లి వెంటనే గౌను తొడిగి ఆడపిల్లలా కూర్చోబెట్టింది. పిల్ల దిగులుతో జబ్బు పడింది. చివరికి డాక్టరే చెప్పి మళ్లీ పాత బట్టలు వేయించాల్సి వచ్చింది. పదమూడేళ్లకు గౌను తప్పలేదు. దానితోపాటు కుట్లు, వంట, పియానో. పియానో అంటే ఆమెకు ఎంత అయిష్టమంటే, సాధన తప్పించుకోవడానికి వేళ్లు కోసుకునేది, లక్కతో కాల్చుకునేది. ఈ పియానో సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ముందు ముందు రెండు చోట్ల మళ్లీ వస్తుంది.

1809లో నెపోలియన్ సైన్యం వియన్నాను ఆక్రమించింది. చక్రవర్తి కవాతు చూడటానికి పిల్లలను తీసుకువెళ్తే ఇడా ఆయనకు వీపు చూపించి నిలబడింది. తల్లి బలవంతంగా తిప్పితే కళ్లు గట్టిగా మూసుకుంది. పన్నెండేళ్లయినా నిండని పిల్ల చేసిన పని ఇది.

తరువాత ఇంటికి ట్రిమ్మెల్ అనే యువకుడు చదువు చెప్పడానికి వచ్చాడు. చరిత్ర, భూగోళం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన మీద ఆమెకు ప్రేమ కలిగింది. ఆయనకూ కలిగింది. ఆస్తి లేనివాడని తల్లి ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఇంట్లో గొడవలు జరిగాయి. చివరికి 1820లో, తనకంటే 24 ఏళ్లు పెద్దవాడు, భార్య పోయినవాడు అయిన డాక్టర్ ఫైఫర్ అనే న్యాయవాదిని పెళ్లాడింది. తన మనసు మరొకరి మీద ఉందని పెళ్లికి ముందే ఆయనకు చెప్పేసింది. ఆయన కాపురం లెంబర్గ్‌లో. అది ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ నగరం.

ఫైఫర్ నిజాయితీపరుడు. ఆ ప్రాంతంలో ప్రభుత్వ ఉద్యోగుల అవినీతిని బయటపెట్టాడు. దాంతో అధికారులందరికీ శత్రువయ్యాడు. ఏ కేసు ఆయన చేతికి వచ్చినా గెలవదని తెలిసి కక్షిదారులు రావడం మానేశారు. ఉద్యోగం పోయింది, పూర్వపు సంపాదన కరిగిపోయింది. కలిగిన ఇంట్లో పుట్టిన ఇడా చలికాలంలో కట్టెలకు కూడా డబ్బు లేని ఇల్లు నడిపింది. ఇద్దరు కొడుకులు ఆల్‌ఫ్రెడ్, ఆస్కార్. కొన్ని రోజులు వాళ్లకు పెట్టడానికి ఒట్టి రొట్టె తప్ప ఏమీ ఉండేది కాదు. అప్పుడు ఎవరికీ తెలియకుండా ఇళ్లకు వెళ్లి పిల్లలకు బొమ్మలు గీయడం, సంగీతం నేర్పింది. ఏ పియానోకు దూరంగా ఉండాలని వేళ్లు కాల్చుకుందో ఆ పియానోయే అన్నం పెట్టింది.

ఈ పద్దెనిమిదేళ్ల కష్టాన్ని ఆమె గురించి రాసినవాళ్లు చాలామంది రెండు వాక్యాల్లో దాటేస్తారు. వాళ్లకు కావలసింది సుమత్రా అడవులు, ఎడారి ఒంటెలు. మాకు మాత్రం ఆమె ప్రయాణానికి తయారైంది ఇక్కడే అనిపిస్తుంది. ఉన్న గిన్నెతో వండుకోవడం, చిరిగినది కుట్టుకోవడం, ఈ రోజు ఖర్చు ఈ రాత్రే రాసుకోవడం, లేదని ఎవరికీ తెలియనివ్వకపోవడం. ఇవి లేకుండా ఆమె ప్రపంచం చుట్టి ఉండేది కాదు. మన అమ్మలకు ఈ విద్యలన్నీ వచ్చు. వాటిని ప్రయాణానికి కూడా వాడవచ్చని వాళ్లతో ఎవరూ అనలేదు, అంతే.

1831లో తల్లి చనిపోయి కొంత వారసత్వం చేతికి వచ్చింది. దానితో కొడుకుల చదువు కోసం వియన్నాలో కాపురం పెట్టింది. భర్త లెంబర్గ్‌లో ఉండిపోయాడు, 1838లో చనిపోయాడు. ఈ మధ్యలోనే ఒకసారి చిన్న కొడుకు ఆరోగ్యం కోసం ట్రియెస్టె రేవుకు వెళ్లింది. అక్కడ జీవితంలో మొదటిసారి సముద్రం చూసింది. చిన్నప్పటి నుంచి పుస్తకాల్లో చదివిన దేశాలన్నీ ఆ నీళ్లకు అవతల ఉన్నాయి. ఎక్కి వెళ్లిపోవాలన్న కోరికను అణచుకోవడం కష్టమైందట. అయినా వెనక్కి వచ్చి పిల్లలను చదివించింది. ఇద్దరూ చదువు ముగించి తమ కాళ్ల మీద నిలబడేదాకా ఆగింది.

అప్పటికి ఆమె వయసు 44. ఆ రోజుల్లో ఆ వయసు ఆడమనిషిని ముసలమ్మ కిందే లెక్కేసేవారు. ఇడా దాన్ని అవకాశంగా తీసుకుంది. పడుచు వయసులో ఒంటరిగా వెళ్తే లోకం ఊరుకోదు, ముసలమ్మను ఎవరు పట్టించుకుంటారు అని ఆమె ధీమా. అయినా నిజం చెబితే బంధువులు వెళ్లనివ్వరని తెలుసు. కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో, ఒక స్నేహితురాలిని చూసి వస్తానని చెప్పింది. నిజానికి వెళ్లదలచింది జెరూసలేముకు. ఇంట్లో స్టడీ అవర్స్ అని చెప్పి మొదటి ఆటకు వెళ్లినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఆమెను తప్పుపట్టే అర్హత మనకు లేదు.

కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అని మన పెద్దలు అనేవారు. ఇడా కూడా అలాగే అనుకుని వీలునామా రాసి పెట్టి, 1842 మార్చి 22న వియన్నాలో డాన్యూబ్ నది మీద స్టీమరు ఎక్కింది. దాదాపు అదే కాలంలో, 1830లో, మన ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరారు. ఆయన వెంట పరివారం సుమారు వందమంది. ఇడా వెంట ఎవరూ లేరు. దారిలో కలిసినవాళ్లతో కొంతదూరం కలిసి నడవడం, తరువాత విడిపోవడం, అదే ఆమె పద్ధతి. జెరూసలేము, డమాస్కస్, కైరో చూసింది. ఒంటె మీద ఎడారి దాటి సూయజ్ వెళ్లింది. ఇటలీ మీదుగా ఆ సంవత్సరం డిసెంబరులో ఇల్లు చేరింది.

ప్రయాణమంతా డైరీ రాసింది. ప్రచురణకర్త ఒకరు అడిగితే మొదట సంకోచించి, తరువాత ఇచ్చింది. పుస్తకం పేరు లేకుండా వచ్చింది. ఒక ఆడమనిషి ఒంటరిగా తిరిగానని తన పేరుతో చెప్పుకోవడం బంధువులకు నచ్చదు కదా. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. ఆ డబ్బుతో 1845లో ఐస్‌లాండ్ వెళ్లింది. వెళ్లే ముందు ఇంగ్లీషు, డేనిష్ భాషలు నేర్చుకుంది. ఫొటోగ్రఫీ పుట్టి ఆరేళ్లు కూడా కాలేదు, అదీ నేర్చుకుంది. హెక్లా అగ్నిపర్వతం ఎక్కింది. మొక్కలు, రాళ్లు, పురుగులు సేకరించి తెచ్చి మ్యూజియాలకు అమ్మింది. ఒక ప్రయాణం మీద పుస్తకం, ఆ పుస్తకం మీద వచ్చిన డబ్బుతో ఇంకో ప్రయాణం, సేకరించిన వస్తువుల మీద మరికొంత. చనిపోయేదాకా ఆమె ఆర్థిక వ్యవస్థ ఇదే. మెస్ సెక్రటరీగా పనిచేసిన ఎవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది.

1846 మేలో వియన్నా వదిలి మొదటి ప్రపంచ యాత్రకు బయలుదేరింది. హాంబర్గ్ రేవులో ఓడ ఎక్కి బ్రెజిల్ చేరింది. రియో నగరం దగ్గర అడవి దారిలో కత్తి పట్టుకున్న ఒకడు మీదపడ్డాడు. ఇడా చేతిలో ఉన్నది గొడుగు. దానితోనే కొట్టింది. గొడుగు విరిగింది. జేబులోని చిన్న చాకు తీసి తిరగబడింది. చేతికి గాయాలయ్యాయి. ఇంతలో గుర్రాల మీద మనుషులు రావడంతో వాడు పారిపోయాడు. ఆ తరువాత వెనక్కి వెళ్లిపోయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె గాయాలకు కట్టు కట్టుకుని ముందుకే సాగింది. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టి చిలీ, అక్కడి నుంచి తాహితి దీవి, చైనాలోని కాంటన్, సింగపూరు, సింహళం.

సింహళం నుంచి కలకత్తా వెళ్లే స్టీమరు దారిలో మద్రాసులో ఆగింది. 1847 శీతాకాలం మొదట్లో ఆ ఓడ మద్రాసు వదిలి ఉత్తరంగా వెళ్తున్నప్పుడు ఎడమ పక్కన ఉన్నది నెల్లూరు, మచిలీపట్నం, విశాఖపట్నం. ఆమె దిగలేదు. ఒడ్డున ఉన్నవాళ్లకూ ఆ ఓడలో ఎవరున్నారో తెలియదు. కలకత్తా, కాశీ, అలహాబాదు, ఆగ్రా, ఢిల్లీ చూసింది. ఢిల్లీ నుంచి బొంబాయి దాకా వెళ్లాలి. తెల్లవాళ్లు పల్లకీల్లో, పరివారంతో, వండి పెట్టే మనుషులతో వెళ్తారు. ఆమెకు ఆ స్తోమత లేదు. కొంతదూరం ఎడ్లబండి, కొంతదూరం ఒంటె. సామాను చూడండి: నీళ్లకు తోలు సంచి, వండుకోవడానికి ఒక చిన్న గిన్నె, కాస్త ఉప్పు, బియ్యం, రొట్టె. మొదటిసారి హాస్టల్‌కు వచ్చిన రోజు మన ట్రంకు పెట్టెల్లో ఇంతకంటే ఎక్కువే ఉన్నాయి. పచ్చడి సీసాతో సహా.

ఇండోరు దాటాక అజంతా, ఎల్లోరా, దౌలతాబాద్, ఔరంగాబాద్ చూసింది. అప్పుడు అదంతా హైదరాబాదు నిజాం రాజ్యం, నాసిరుద్దౌలా పాలన. ఎల్లోరా దగ్గర ఏనుగుల మీద పులివేటకు వెళ్తున్న ఇంగ్లీషువాళ్లు పిలిస్తే వాళ్లతో కలిసి వెళ్లింది కూడా. 50 ఏళ్లు నిండిన మనిషి!

ఇక్కడ మేము ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇడా పేదదే, కానీ తెల్లది. ఇండోరులోనూ బొంబాయిలోనూ ఆమెకు ఆశ్రయమిచ్చినవాళ్లు కంపెనీ రెసిడెంట్లు, యూరప్ వ్యాపారులు. ఆమె చేతిలోని పరిచయ పత్రాలు మన నేల మనుషుల చేతికి వచ్చేవి కావు. అదే ఎడ్లబండిని తోలిన మనిషి తన ఊరి చెరువులో నీళ్లు తాగగలిగేవాడో లేదో ఆమె పుస్తకం చూసి తెలుసుకోలేం. బ్రెజిల్‌లో నల్లవాళ్ల గురించి, తాహితిలో ఆడవాళ్ల గురించి ఆమె రాసినవి చదివితే మనకు కోపం వస్తుంది. రంగు చూసి, ముక్కు చూసి అందం కొలిచింది. పియానో వద్దని వేళ్లు కాల్చుకున్న పిల్ల, తన మీద వేసిన కొలతలు ఒప్పుకోని మనిషి, ఇతరుల మీద అవే కొలతలు వేసింది. మాలో ఒకరు ఆ పేజీలు చదివి, ఈమె గురించి మన సంచికలో ఎందుకు రాయాలి అని అడిగారు. ఆ ప్రశ్న సరైనదే. మేము రెండు రోజులు వాదించుకున్నాం. ఉన్నది ఉన్నట్టు రాద్దామన్న ఒప్పందం మీద రాస్తున్నాం.

ఒక్కటి మాత్రం చెప్పాలి. తిరిగేకొద్దీ ఆమె చూపు కొంత మారింది. తరువాతి యాత్రలో బోర్నియో దీవిలో తలలు నరికే అలవాటున్న దయాక్ ప్రజల మధ్య ఉంది. వాళ్ల నిజాయితీని, కుటుంబ జీవితాన్ని ఎంతో మెచ్చుకుంది. వాళ్లు నరికిన తలలు చూసి అసహ్యించుకునే ముందు యూరప్ రాజులు యుద్ధాల్లో చంపించిన మనుషులను లెక్కపెట్టుకోవాలని రాసింది. సుఖంగా బతుకుతూ మతం బోధించే మిషనరీలనూ వదల్లేదు.

1848 ఏప్రిల్‌లో బొంబాయిలో స్టీమరు ఎక్కి బస్రా వైపు వెళ్లింది. దారిలో ఓడ మస్కట్‌లో ఆగింది. మస్కట్ అనగానే మాకు వేరే ముఖాలు గుర్తొస్తాయి. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి మస్కట్‌కో కువైట్‌కో ఇంటిపనికి వెళ్లిన తల్లులున్న పిల్లలు మన హాస్టళ్లలో ఎంతమందో. ముప్పై అయిదేళ్లకో నలభై ఏళ్లకో, భాష రాకుండా, అంతకుముందు రైలు కూడా సరిగా ఎక్కకుండా, ఒంటరిగా విమానం ఎక్కినవాళ్లు. ఇడా తన ఇష్టం మీద వెళ్లింది, వాళ్లు అప్పు మీద వెళ్లారు. రెండూ ఒకటి కావు. కానీ ధైర్యం సంగతి మాట్లాడుకునేటప్పుడు ఒకరి పేరు పుస్తకాల్లో ఉండి, మరొకరి పేరు ఏజెంటు రిజిస్టరులో మాత్రమే ఉండటం మాకు న్యాయంగా తోచలేదు.

బాగ్దాదు నుంచి మోసుల్ దాకా సుమారు 300 మైళ్లు. జూన్ నెల ఎండ. ఇడా ఒక బిడారంతో కలిసి కంచర గాడిద మీద 14 రోజులు వెళ్లింది. డేరా లేదు. పగలు ఎక్కడ నీడ దొరికితే అక్కడ, రాత్రంతా నడక. రొట్టె, ఖర్జూరం, దొరికితే దోసకాయ. ఆ బిడారంలో అందరికంటే బీదవాడు ఎలా వెళ్తాడో అలా వెళ్లింది. మోసుల్ తరువాత కుర్దు కొండల దారి మరీ ప్రమాదం. ప్రాణం పోయినా రాసింది పోకూడదని తన కాగితాలన్నీ అక్కడి నుంచే కొడుకులకు పంపేసి బయలుదేరింది. పర్షియాలోని తబ్రీజ్ చేరినప్పుడు, భాష రాని ఒక ఆడమనిషి ఆ దారిన ఒంటరిగా వచ్చిందంటే అక్కడి యూరప్‌వాళ్లకు నమ్మశక్యం కాలేదు. రష్యా సరిహద్దులోకి వచ్చాక మాత్రం అనుమానంతో ఒక రాత్రి నిర్బంధించారు. దొంగలున్న కొండల్లో జరగని అవమానం నాగరికుల దేశంలో జరిగిందని ఆమె బాధ.

1848 నవంబరులో వియన్నా చేరేసరికి నగరంలో విప్లవాన్ని సైన్యం అణచివేసి కొన్ని రోజులే అయింది. ఇంటివాళ్లు క్షేమంగా ఉన్నారా అన్నదే ఆమె మొదటి ఆందోళన. లోకమంతా తిరిగిన ఆమె కోసం ఇంట్లో వాళ్లు భయపడ్డారు, ఇంట్లో ఉన్నవాళ్ల కోసం ఆమె భయపడింది. 1850లో ఈ యాత్ర మూడు సంపుటాలుగా వచ్చింది, ఈసారి పేరుతోనే.

1851లో రెండోసారి బయలుదేరింది. ఆస్ట్రియా ప్రభుత్వం కొంత సాయం చేసింది. పేరు తెలిసింది కాబట్టి కొన్ని ఓడల వాళ్లు టికెట్టు లేకుండా ఎక్కించుకున్నారు. కేప్‌టౌన్, సింగపూరు, బోర్నియో, జావా, సుమత్రా. 1852లో సుమత్రాలో బటాక్ తెగవాళ్ల ప్రాంతంలోకి వెళ్లింది. వాళ్లు నరమాంసం తింటారని, అంతకుముందు ఇద్దరు మిషనరీలను చంపారని డచ్చివాళ్లు హెచ్చరించారు. అయినా వెళ్లింది. ఒకచోట బల్లేలు పట్టుకున్న మగవాళ్లు చుట్టుముట్టి, గొంతు కోసి తింటామని సైగలు చేశారు. ఇలాంటి సమయం వస్తుందని ముందే వాళ్ల భాషలో నాలుగు మాటలు కూడబెట్టుకుంది. తాను ముసలిదాన్నని, మాంసం గట్టిగా ఉంటుందని, తినడానికి పనికిరానని వచ్చీరాని మాటలతో చెప్పింది. వాళ్లు పగలబడి నవ్వి దారి ఇచ్చారు. ఆమె గురించి ఎవరు రాసినా ఈ కథ చెప్పకుండా ఉండరు. మేమూ చెప్పేశాం.

అక్కడి నుంచి పసిఫిక్ దాటి కాలిఫోర్నియా, పెరూ, ఈక్వడార్. ఈక్వడార్‌లో నదిలో పడవ మీద నుంచి పడిపోతే పడవలో ఉన్నవాళ్లు చూస్తూ ఊరుకున్నారు. ఎలాగో బతికి బయటపడింది. నయాగరా జలపాతం చూసి, న్యూయార్క్ మీదుగా 1855లో ఇంటికి చేరింది. మరుసటి ఏడు నాలుగు సంపుటాలు. లెక్కలు కట్టినవాళ్లు చెప్పేదాని ప్రకారం జీవితం మొత్తం మీద ఆమె సముద్రం మీద సుమారు 2,40,000 కిలోమీటర్లు, నేల మీద 32,000 కిలోమీటర్లు తిరిగింది.

ఇప్పుడు సర్టిఫికెట్ల సంగతి. ఆమె ఏ కాలేజీలోనూ చదవలేదు. వియన్నా విశ్వవిద్యాలయంలో అప్పటికి ఆడవాళ్లకు ప్రవేశమే లేదు. అయినా ఆమె తెచ్చిన కీటకాలు, నత్తలు, చేపలు మ్యూజియాల్లో చేరాయి. కొన్ని జీవులకు శాస్త్రజ్ఞులు ఆమె పేరు పెట్టారు. మహా శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఆమెను గౌరవించి పరిచయ పత్రం రాసిచ్చాడు. బెర్లిన్ భౌగోళిక సంఘం ఆమెను గౌరవ సభ్యురాలిగా చేర్చుకుంది. పారిస్ సంఘం కూడా చేర్చుకుంది. ప్రష్యా రాజు బంగారు పతకం ఇచ్చాడు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ మాత్రం ఆడవాళ్లను చేర్చుకోవడానికి తమ నియమావళి ఒప్పుకోదని చెప్పింది. ఆమె యాత్రలో తప్పు లేదు, రాతలో తప్పు లేదు, రూలు లేదు. కౌంటరు దగ్గర రూలు లేదనే మాట మనకు కొత్తదేమీ కాదు. ఆ సంఘం ఆడవాళ్లకు తలుపులు పూర్తిగా తెరిచింది 1913లో, ఆమె పోయిన 55 ఏళ్లకు.

1856లో, 58 ఏళ్ల వయసులో, ఆఖరి యాత్ర. మడగాస్కర్ వెళ్లాలని ఆమె కోరిక. అక్కడ రాణి మొదటి రణవలోన పాలన. యూరప్‌వాళ్లంటే రాణికి అనుమానం, ఆ అనుమానానికి కారణాలూ ఉన్నాయి. ఇడా 1857లో లాంబెర్ అనే ఫ్రెంచి వ్యాపారితో కలిసి రాజధాని అంటనానరివో చేరింది. ఒక రోజు రాణి ముందు పియానో వాయించమని ఆజ్ఞ వచ్చింది. పియానో ముట్టుకుని ఏళ్లయింది. ఆ పియానోకు శ్రుతి లేదు, కొన్ని మెట్లు నొక్కితే పలకవు. అయినా వాయించింది. రాణి సంతోషించింది. వియన్నాలో లక్కతో కాల్చుకున్న ఆ వేళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూడండి.

ఆ సంతోషం నిలవలేదు. లాంబెర్, మరికొందరు కలిసి రాణిని దించి కొడుకును గద్దె ఎక్కించాలని కుట్ర పన్నారు. కుట్ర బయటపడింది. ఆ ఆలోచనలో ఇడాకు భాగం లేకపోయినా అదే ఇంట్లో ఉంది కాబట్టి ఆమె మీదా నేరం పడింది. చంపుతారనుకున్నారు. చివరికి దేశం నుంచి వెళ్లగొట్టారు. రాజధాని నుంచి రేవుకు మామూలుగా ఎనిమిది రోజుల దారి. సైనికులు వాళ్లను చిత్తడి నేలల్లో, జ్వరాలు పుట్టే చోట్ల ఆపి ఆపి 53 రోజులు నడిపించారు. ఆ జ్వరం ఆమెను ఇక వదల్లేదు.

మారిషస్ దీవిలో స్నేహితుల ఇళ్లలో నెలల తరబడి మంచం మీద ఉంది. కాస్త తేరుకోగానే ఆమె చూసింది ఇంటి వైపు కాదు, ఆస్ట్రేలియా వైపు. ప్రయాణానికి సిద్ధమైంది కూడా. ఇంతలో జ్వరం తిరగబెట్టింది. తప్పనిసరై యూరప్ వచ్చి, 1858 అక్టోబరు 27 అర్ధరాత్రి ప్రాంతంలో వియన్నాలో సోదరుడి ఇంట్లో కన్నుమూసింది. అప్పుడు ఆమె వయసు 61 సంవత్సరాలు. మడగాస్కర్ యాత్రను కొడుకు ఆస్కార్ సరిచూసి, తల్లి జీవితం ముందు చేర్చి, 1861లో అచ్చు వేయించాడు. ఆమె ఒట్టి రొట్టె పెట్టి పెంచిన కొడుకు ఆయనే.

మొదట ఆమెను ఒక మామూలు శ్మశానంలో ఖననం చేశారు. 1892లో వియన్నాలోని ఒక మహిళా విద్యా సంఘం పట్టుబట్టి, ఆమె అవశేషాలను నగర కేంద్ర శ్మశానంలో ప్రముఖుల వరుసలోకి మార్పించింది. ఆ వరుసలో చోటు దొరికిన మొదటి స్త్రీ ఆమే. అదే సంవత్సరం అదే సంఘం, ఆడపిల్లలను విశ్వవిద్యాలయ ప్రవేశానికి తయారుచేసే మొదటి పాఠశాలను ఆ నగరంలో తెరిచింది. అయిదేళ్ల తరువాత, 1897లో, వియన్నా విశ్వవిద్యాలయం ఆడపిల్లలకు మొదటిసారి ప్రవేశం ఇచ్చింది.